రెండు కడుపుల బండి

మా మామ పోయిండు. మామ అంటె మా ఆయన వాళ్ల బాపు, ఉస్మాన్‌గంజ్‌ల గేర్ ఆయిలు దుకాణం ఆయన. పొద్దుగాల చాయ్ తాగిండు, చాయ్‌ల చక్కెర తక్కువైందని అత్తతోని లొల్లి పెట్టుకున్నడు, "జర నడుము వాలుస్త" అని మంచమెక్కిండు. మల్ల లేవలె. నేను గప్పుడు స్కూల్ల పిల్లలకు లెక్కలు చెప్తున్న. ప్యూన్ వచ్చి ఇంటికాడికెంచి ఫోనొచ్చిందన్నడు. ఫోన్ల మా ఆయన "ఏమే..." అని ఆగిపోయిండు. ఆ ఒక్క మాటకే నాకు సమజైంది. చాక్‌పీసు చేతుల పట్టుకోనే ఆటో ఎక్కిన.

ఏడ్చినం. ఏడవకుంట ఎట్లుంటం? కాని ఒక్క సంగతి చెప్పాలె. ఆ మనిషి పేరు మీద ఎవ్వరం ఎక్కువసేపు ఏడ్వలేకపోయినం. ఒకరు ఏడ్చుకుంట ఆయన మాట ఒకటి యాది చేస్తరు, ఆ మాటకు పక్కనున్నోళ్లకు నవ్వొస్తది, నవ్వాపుకోలేక కొంగు నోట్ల కుక్కుకుంటరు. చూసెటోళ్లు ఇంకా ఎక్కువ ఏడుస్తున్నరనుకుంటరు. మొఘల్‌పురల మా గల్లీ గల్లీ అంతా గట్లనే ఉండె ఆ దినం.

మూడో దినం పిట్టకు పెట్టినం. ఆయనకిష్టమైనయన్నీ వండి విస్తరేసి పెడితె కాకి దిగుతలేదు. గోడ మీద కూసొని మెడ అటు తిప్పుతది, ఇటు తిప్పుతది, కిందికి రాదు. ఏదో కోరిక మిగిలి ఉంటది, అడుగుండ్రి అన్నరు పెద్దమనుషులు. మా ఆయన చేతులు జోడించి "అమ్మను మంచిగ చూసుకుంట బాపూ" అన్నడు. కాకి కదల్లె. "దుకాణం మూయ" అన్నడు. కదల్లె. మా అత్త ముందుకొచ్చి "చక్కెర ఎక్కువేసి చాయ్ పోస్త, రావయ్యా" అని బావురుమన్నది. ఊహూ. గప్పుడు మా ఆడబిడ్డ నడుము మీద చెయ్యి పెట్టుకోని నిలబడ్డది. "బాపూ, బండి రెండు కడుపులకు ఒక్కటే నూనె పొయ్యం. ఒట్టు. ఇగ మొండి చెయ్యకు, వచ్చి తిను" అన్నది. కాకి టపక్కున దిగి గారె ఎత్తుకపోయింది. మంత్రాలు చదివే అయ్యగారు సుత నవ్విండు.

ఈ ఒట్టు వెనుక ఒక కత ఉన్నది. ఆయన ఎసుంటి మనిషో తెలువాలంటె ఆ కత తెలువాలె. అందుకే రాస్తున్న.

మామ తాన ఒక పాత విలాయతి కారు ఉండె. నల్లది, గుండ్రటి ముక్కు, లోపట తోలు సీట్లు. పాత నవాబుల దేవిడీలకు, అంటె వాళ్ల పెద్దపెద్ద ఇండ్లకు, మామ గేర్ ఆయిలు ఇస్తుండె. అండ్ల ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేసుకుంట తాళంచెవి తెచ్చి మామ చేతుల పెట్టి, "ఇన్నేండ్లు దీనికి తాగిపిచ్చింది నువ్వు, ఇగ నువ్వే సాదుకో" అన్నడట. గల్లీల దాన్ని అందరు దుల్హన్ గాడి, పెండ్లికూతురి బండి, అంటుండె. ఎందుకంటె మా గల్లీల పెండ్లయిన ఆడపిల్ల ఎవ్వలైనా సరే, మనోళ్లైనా, తురకోళ్లైనా, చర్చికాడి వాళ్లైనా, అత్తగారింటికి ఆ బండిల్నే పోతది. నడిపేది మామ. ఎవ్వలు అడగనక్కరలేదు. పెండ్లి ఖాయమైందని తెలిస్తె ఆయనే పోయి "బిడ్డను నేను దింపుతా, ఫికర్ చెయ్యకుండ్రి" అని చెప్పొస్తుండె.

తొంభైలల్ల నా పెండ్లయితె నేను సుత ఆ బండిల్నే వచ్చిన. అదైతె ఇటు దిక్కుకు వచ్చుడు. కొత్త పెండ్లికూతుర్ని, తలకాయ వంచుకోని కూసున్న. బండి కదిలినప్పుడు కింద "గుర్ర్" మని చప్పుడైంది. నేను ఉలిక్కిపడ్డ. మామ అద్దంల నన్ను చూసిండు. "బిడ్డా, ఫస్టు గేరు గట్లనే గుర్రుమంటది. అది దాని స్వభావం. మీ అత్త సుత అంతే. రెండో గేరు పడ్డంక ఇగ చప్పుడే ఉండదు" అన్నడు. పక్క సీట్ల అత్త కూసోనే ఉన్నది! మామ నాతోని మాట్లాడిన మొదటి మాట అదే. నాకు ముసిముసి నవ్వొచ్చింది, అత్త మాత్రం ఇల్లు చేరేదాంక ఆయన దిక్కు చూడలె.

దుకాణం చూస్తె మీకు నవ్వొస్తుండె. అటు మిరపకాయల దుకాణం, ఇటు పసుపుకొమ్ముల దుకాణం, నడుమ మాది. అటూ ఇటూ అందరు తుమ్ముతుంటరు, నడుమ మామ ఒక్కడే దర్జాగ ముక్కు ఎగబీల్చుకుంట కూసుంటడు. లోపట డ్రమ్ములు, వాటికి నల్లాలు, కిందికి కారకుంట గోనెపట్టలు. గిరాకీ వచ్చి "ఆయిలియ్యి సేఠ్" అంటె ఇయ్యడు. "నూనె సంగతి నాకిడిశిపెట్టు. నీ బండి సంగతి చెప్పు" అంటడు. ఎన్నేండ్ల బండి? పొద్దుగాల చలిల గేరు బిర్రుగుంటదా, మధ్యాహ్నం ఎండల బిర్రుగుంటదా? చప్పుడు ముందలికెంచి వస్తదా, ఎనుకకెంచి వస్తదా? బండి గుంజేటప్పుడు మొత్తుకుంటదా, కాలు తీసినప్పుడు మొత్తుకుంటదా? నాడి పట్టే హకీమ్ సుత గన్ని అడగడు. అడిగినంక రెండు వేళ్ల నడుమ చుక్క వేసుకోని రాసి, వాసన చూసి, గప్పుడు నల్లా ఇప్పుతడు.

ఒకపారి ఒకాయన వచ్చి "అన్నిటికంటె మందమున్న నూనె ఇయ్యి, బండి అమ్ముతున్న, ఎనుక మూలుగు వస్తుంది, కొనెటోనికి ఇనపడొద్దు" అన్నడు. మామ ఆయనను కూసోబెట్టి చాయ్ తెప్పిచ్చిండు. తాగనిచ్చిండు. "చప్పుడు బంద్ చేసే నూనె ఉన్నది. చప్పుడు దాచే నూనె మా తాన లేదు" అన్నడు. ఆ మనిషి లేచి పోతుంటె ఎనుకకెంచి కేకేసి, "మూలుగుతుందంటె అది నీకేదో చెప్తున్నట్టు గదనయ్యా, జర ఇనరాదు!" అన్నడు. నేను ఆ దినం స్కూలు నుంచి వచ్చుకుంట దుకాణంల కూసున్న. ఆ మాట ఇప్పటికీ మా పిల్లలకు చెప్త. తరగతిల ఎవడన్న గొణిగితె కొట్టను, ఏమంటుండో ఇంట.

నాకు బండి గురించి చెప్పిందంతా ఆయనే. "బండికి రెండు కడుపులుంటయి బిడ్డా. ముందటి కడుపు గేర్‌బాక్స్. ఎనుక చక్రాల నడుమ గుండ్రంగ డొప్ప లెక్క కనపడ్తది సూడు, అది ఎనుక కడుపు. దాన్ని క్రౌన్ అంటరు. ఇంజను జోరును చక్రాలకు మలిపేది అదే. బరువంతా దాని మీదనే" అంటుండె. అత్త వంటింట్లకెంచి "ఆ పిల్లకు వంట నేర్పుతుంటె నువ్వు నూనె నేర్పబడితివి" అని సణిగేది. "వంటల సుత నూనెనే గదనే ముఖ్యం" అని మామ జవాబు.

ఇగ ఆయన చేసిన తప్పు సంగతి. ఈ తప్పు మా ఇంటోళ్లే చెయ్యగలరు, ఇంకొకరితోని కాదు. మామ తాత ముత్తాతలు గానుగ తిప్పి నూనె తీసినోళ్లు. వాళ్లింట్ల ఒక మాట ఉండె: "ముక్కుకు తగిలితెనే నూనె." నువ్వులైనా, కుసుమలైనా, ఆముదమైనా ఘాటుంటె అసలుది, లేకుంటె కల్తీ. మామ గానుగ ఇడిచి గేర్ ఆయిలుకు వచ్చిండు గాని, ఆ మాటను ఇడువలె. డ్రమ్ము మీద రాసిన నంబరు తర్వాత, ముందు ముక్కు.

ఇంకొక కట్టుబాటు సుత ఉండె, అది మామది సొంతం. కొత్త రకం నూనె ఏదొచ్చినా ముందు దుల్హన్ గాడికే పోస్తడు. ఏడాది దాని కడుపుల ఉండి మంచిదనిపిచ్చుకుంటెనే గిరాకీలకు అమ్ముతడు. "పరాయోని బండి మీద పరీక్ష చేసెటోడు యాపారి గాదు, దొంగ" అంటుండె. ఇది చూసి మేం నవ్వుతుండె గాని, ఇయ్యాల రాస్తుంటె చేతులెత్తి మొక్కబుద్ధయితుంది.

రెండువేలు దాటినంక ఒక కొత్త డబ్బా వచ్చింది. మూత తీస్తె ఇల్లంతా కంపు. కుళ్లిన గుడ్డుల అగ్గిపుల్ల గీసినట్టు వాసన. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని అవతలికి ఉరికింది. మామ మొకం మాత్రం ఎలిగిపోయింది. వేళ్లకు రాసుకున్నడు, కండ్లు మూసుకోని పీల్చిండు. "ఇదిరా నూనె అంటె! ఇంత ఘాటు నా పుట్టుకల చూడలె" అన్నడు. అప్పటిదాంక ముందటి కడుపుకు ఒక నూనె, ఎనుక కడుపుకు ఇంకొకటి పోస్తుండె. దీన్ని చూసినంక "ఇంత బలమైన మందు ఉండంగ ఒక బిడ్డకు పెట్టి ఇంకొక బిడ్డకు పెట్టకపోతె పాపం" అని రెండిటికీ అదే పోసిండు.

మామకు ఒక దోస్తు ఉండె. దబీర్‌పురా స్టేషన్ దగ్గర షెడ్డుల పాత బండ్లు బాగుచేసే మిస్త్రీ. ఇద్దరికీ చిన్నప్పటి సోపతి. ఆ దినం దుకాణంకు వచ్చి డబ్బా చూసిండు. "సేఠ్, ఎనుక పొయ్యి, మస్తు నడుస్తది. ముందల నక్కో, పొయ్యనే పొయ్యకు. పాత బండి గేర్‌బాక్స్‌ల గేరు మెత్తగ పడేటందుకు ఇత్తడి రింగులుంటయి. ఈ ఘాటు ఇత్తడిని తింటది" అన్నడు. గిరాకీలు నలుగురున్నరు అక్కడ. మామకు సుర్రుమన్నది. "నా తాతల కాన్నుంచి నూనెల పుట్టి నూనెల పెరిగినం. నాకే చెప్తవా నువ్వు? నట్లు బిగించుకో పో" అన్నడు. మిస్త్రీ చేతులు తుడుచుకునే గుడ్డ భుజం మీదేసుకోని పోయిండు. గంతే, మాటలు బంద్. రంజాన్‌కు సేమియా రాలె, దసరాకు మా ఇంటి సకినాలు పోలె. మామ సకినాలు తినేటప్పుడల్ల సగంలనే గిన్నె పక్కకు జరుపుతుండె.

ఏడాది గడిచింది. గప్పుడే మా ఆడబిడ్డ పెండ్లి ఖాయమైంది. లగ్గం ఇంకో వారమున్నదనంగ బండి రెండో గేరు మొరాయించుడు మొదలువెట్టింది. పెట్టవోతె "కర్ర్ర్" అని పండ్లు కొరుకుతది. రెండోసారి పెడితె దుంకి బయటికొస్తది. మామ ముందుగాల మా ఆయనను తిట్టిండు, క్లచ్చు సరిగ తొక్కుతలేవని. తర్వాత రోడ్లను తిట్టిండు. మున్సిపాలిటీని తిట్టిండు. ఆఖరికి అత్త లావైందన్నడు. అత్త గరిటె పట్టుకోని వచ్చేసరికి ఇగ తిట్టుడు బంద్ చేసిండు.

పెండ్లికొడుకు వాళ్లు మంచోళ్లు. "పాత బండి ఎందుకులే, మేం కొత్త కారుకు పూలు కట్టిస్తం" అన్నరు. మా ఆడబిడ్డ ససేమిరా అన్నది. "గల్లీల పిల్లలందరు మా బాపు బండిల పోయిన్రు. సొంత బిడ్డను నేను పరాయి కార్ల పోవాల్నా? బండి కదలకుంటె నేను సుత కదల" అన్నది. ఆ పిల్ల అంటె అన్నట్టే. మామ లోపటికి పోయి మంచం మీద కూసున్నడు. నేను మంచినీళ్లు ఇయ్యబోతె, "ఊరందరి బిడ్డల్ని దింపిన. నా బిడ్డను దింపకుంటె నాది ఒక బతుకేనా బిడ్డా?" అన్నడు. ఆయన గొంతు గట్ల ఇనుడు నాకు అదే మొదలు.

తెల్లారి బండి కింద దూరిండు. ముందు ఎనుక కడుపు ఇప్పిండు. నూనె పళ్లెంల పట్టి నాకందిచ్చిండు. నల్లగున్నది గాని మంచిగున్నది, ముట్టుకుంటె ఎక్కడ గరుకు లేదు. "చూసినవా? ఏడాదైనా ఎట్లున్నదో" అని కింద నుంచే గర్వపడ్డడు. తర్వాత గేర్‌బాక్స్ ఇప్పిండు. రెండో పళ్లెం తీసుకోని నేను ఎండలకు వచ్చిన. నూనెల పసుపుపచ్చటి పొడి. కదిలిస్తె తళతళ మెరుస్తుంది. నాకేం తెలుసు? "ఏంది మామా, బంగారం లెక్కున్నది?" అన్న.

మామ బండి కిందికెంచి పాకుకుంట వచ్చి పళ్లెంల వేలు ముంచిండు. వేళ్ల నడుమ రాసిండు. ఈసారి వాసన చూడలె. అట్లనే నేల మీద చతికిలపడ్డడు. "బంగారమే బిడ్డా. దీని కడుపుల ఇత్తడి ఇది. నేనే మందని పోసి, పానం తీసిన" అన్నడు. మల్ల రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టుకోని చానాసేపు చూసిండు. "అదే నూనె. అక్కడ అమృతం, ఇక్కడ ఇసం. నూనెది తప్పు గాదు" అన్నడు.

నేనైతె ఆయన ఎవ్వలకు చెప్పకుంట ఇంకో మిస్త్రీని ఎతుక్కుంటడనుకున్న. ఎవ్వలైనా గదే చేస్తరు గద! మామ లేచి, చేతులు కడుక్కోకుంటనే, ఆ పసుపు పొడి పళ్లెం పట్టుకోని "నడువు బిడ్డా, దబీర్‌పురా పోదాం" అన్నడు. ఆటోల నేనొక దిక్కు, ఆయనొక దిక్కు, నడుమ పళ్లెం. గుంతల నూనె తొణికి నా చీర ఖరాబైంది. ఆయనకు ఆ సోయే లేదు. "ఏమంటడో, ఏమంటడో" అని గొణుక్కుంట కూసున్నడు.

షెడ్డుల మిస్త్రీ గోనెసంచి కప్పిన పీట మీద కూసోని చాయ్ తాగుతుండు. చుట్టూ పనోళ్లు, బండ్లోళ్లు మస్తు మంది ఉన్నరు. మామ పళ్లెం తీసుకపోయి ఆయన ముందట పెట్టిండు. అందరికి ఇనపడేటట్టు, కొట్లాడే గొంతుతోనే, "తప్పు నాది మిస్త్రీ! ఆ దినం నువ్వన్నది నిజం. నలుగురి ముందట నిన్ను మాటన్న, నలుగురి ముందటనే చెప్తున్న. నా ముక్కు నన్ను మోసం చేసింది" అన్నడు.

మిస్త్రీ చాయ్ పక్కన పెట్టి పళ్లెంల వేలు పెట్టిండు. మెరుపు చూసిండు. అయ్యో అనలె, నేను చెప్పలేదా అని సుత అనలె. "ముక్కుది గల్తీ లేదు సేఠ్" అన్నడు. "ముక్కు నూనె మంచిదన్నది. నూనె మంచిదే. ఎవని కడుపుల ఏది పొయ్యాల్నో ముక్కుకు ఎట్ల మాలూమైతది? గది కడుపును అడగాలె." పళ్లెం పక్కకు జరిపి, "బేటీకి షాదీ ఎప్పుడు?" అన్నడు.

"శుక్రారం."

"అరె! గిప్పుడా వచ్చేది!" అని మిస్త్రీ లేచి నిలబడ్డడు. కూసున్న పీట మీది గోనెసంచి గుంజిండు. కింద పీట లేదు. గేర్‌బాక్స్! మా బండిదసుంటిదే, తుప్పు పట్టి. ఎక్కడనో తునకలు చేస్తున్న పాత కారుకెంచి తీసి పెట్టిండట. మామ నోరు తెరుచుకోని చూసిండు. "నా కోసం పెట్టినవారా?" అన్నడు. "నక్కో సేఠ్, నీ కోసం ఎందుకు పెడ్త? కూసునేటందుకు ఎత్తు మంచిగున్నదని పెట్టిన" అన్నడు మిస్త్రీ, మొకం అటు తిప్పుకోని. షెడ్డంతా నవ్వింది. మామ నవ్విండు, నవ్వుతనే కండ్లు తుడుచుకున్నడు, చేతుల నూనె కండ్లల్ల పడి మల్ల అందరు నీళ్ల కోసం ఉరికిన్రు.

ఆ తుప్పు డబ్బాలకెంచి ఇత్తడి రింగులు తీసి దుల్హన్ గాడికి ఏసిన్రు. అవి సుత పాతవే, జర అరిగినవే. "నాతోని అయినంత చేసిన సేఠ్. ఖాళీ బండి మీద మంచిగ పడుతుంది గేరు. మంది ఎక్కి, సామాను ఎక్కినంక బరువు మీద ఎట్లుంటదో, అది లగ్గం నాడే తెలుస్తది" అన్నడు మిస్త్రీ. ఇగ నూనె. ఎనుక కడుపుకు ఆ ఘాటు నూనెనే మల్ల పోసిన్రు. ముందటి కడుపుకు మామ దుకాణంకెంచి పాత సాదా నూనె తెచ్చిండు. మూత తీసి, అలవాటు పోక, ముక్కు దగ్గర పెట్టుకున్నడు. "వాసనే లేదు. నూనెనా, నీళ్లా ఇది?" అన్నడు దీనంగ. "పొయ్యి సేఠ్, పొయ్యి" అని మిస్త్రీ తన ముక్కు పట్టుకోని చూపిచ్చి నవ్విండు. మామ ఒక చేత్తోని ముక్కు మూసుకోని ఇంకో చేత్తోని పోసిండు.

ఆ పసుపు పొడి నూనెను మామ పారబొయ్యలె. ఒక గాజు సీసల పోసి దుకాణంల అందరికి కనపడేటట్టు పెట్టిండు. పాత బండ్లోళ్లు ఎవ్వలొచ్చినా సీస ఊపి చూపిస్తడు, వాళ్లు "ఏంది సేఠ్ ఇది, బంగారమా?" అంటె, "గాదు, నా తెలివి. ఇట్ల రాలింది" అంటుండె. నవ్విచ్చి, కత మొత్తం చెప్పి, గప్పుడు ఏ కడుపుకు ఏ నూనె పొయ్యాల్నో చెప్తుండె. ఇత్తడి ఉన్న కాడ సాదా నూనె, బరువు ఉన్న కాడ ఘాటు నూనె. తెలువకుంటె ఇప్పి చూడాలె గాని వాసన చూడొద్దు. ఆ కత ఆయన నోట ఎన్నిసార్లు ఇన్ననో లెక్క లేదు, లెక్కల టీచర్నైనా సరే. చెప్పినప్పుడల్ల తన తప్పును ఇంకొంచెం పెద్దగ చేసి చెప్తుండె. సొంత తప్పును పండుగ లెక్క చెప్పుకునే మనిషిని నేను మల్ల చూడలె. మా ఇంట్ల ఎవ్వలం తప్పు చేసినా దాచిపెట్టుకునే అవసరం రాలె, అది ఆయన పుణ్యమే. అత్తకు ఉప్పెక్కువైనా, నాకు లెక్క తప్పైనా, "సీసల పోసి పెట్టుండ్రి" అనుకోని నవ్వుకునేటోళ్లం.

ఇగ లగ్గం. శుక్రారం మధ్యాహ్నం అప్పగింతలు. మామ పాలల్ల బిడ్డ చేతులు ముంచి వియ్యపురాలి చేతుల పెట్టిండు. ఆడబిడ్డ ఏడుస్తుంది, అత్త ఏడుస్తుంది, నేను ఏడుస్తున్న. కన్నతండ్రి తన బిడ్డను తానే దింపివచ్చుడు ఆనవాయితీ గాదని అత్త పట్టుబట్టింది. మామ "బండి నాదైతె సాలు" అని తాళంచెవి మిస్త్రీ చేతుల పెట్టిండు. మిస్త్రీ ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా ఏసుకోని, అత్తరు పూసుకోని, తానే పెండ్లికొడుకు లెక్క వచ్చి కూసున్నడు. పెండ్లికొడుకు వాళ్ల పూలు కట్టిన కొత్త కారు ఎనుక తయారుగనే ఉన్నది, ఎందుకైనా మంచిదని. బండిల పెండ్లికొడుకు, పెండ్లికూతురు, వాళ్ల మేనత్త, ఇద్దరు పిల్లలు, సారె పెట్టె. ఇంత బరువు ఎప్పుడు ఎక్కలె దాని మీద.

బ్యాండు వాయిస్తున్నరు. బండి కదిలింది. ఫస్టు గేరు "గుర్ర్" మన్నది, అది ఎప్పటిదే. మా గల్లీ చివర్ల జర ఎత్తు ఉంటది, అక్కడ రెండో గేరు ఎయ్యాలె, లేకుంటె బండి మూలుగుకుంట ఆగిపోతది. మామ బండి ఎనుక నడుస్తుండు. అందరు బిడ్డ మొకం చూస్తుంటె, ఈయన తలకాయ పక్కకు వంచి బండి కింద దిక్కు చూస్తుండు. ఎత్తు దగ్గరికి వచ్చింది. ఒక్కపారిగ మామ రెండు చేతులెత్తి "ఆపుండ్రి బ్యాండు!" అని అరిచిండు.

బ్యాండోళ్లు ఉలిక్కిపడి ఆపిన్రు. ఏడ్చెటోళ్లు ఏడ్చుడు ఆపిన్రు. మిద్దెల మీది నుంచి చూసేటోళ్లు, షట్టర్ల కాడ నిలబడ్డోళ్లు, వియ్యాలోళ్లు, అందరు చెవులు రిక్కిచ్చిన్రు. గల్లీల అందరికీ తెలుసు ఆయన దేని కోసం చూస్తున్నడో. మిస్త్రీ చెయ్యి గేరు మీద కదిలింది. బండి ఒక్క రెప్పపాటు తేలింది. మల్ల ముందుకు గుంజింది, ఎత్తు ఎక్కింది, మూల తిరిగింది.

ఏ చప్పుడూ రాలె.

మామ గల్లీ నడుమ నిలబడ్డడు. పొగ ఇంకా పోలె. ఒక చెయ్యి చెవి ఎనుక పెట్టుకోనే ఉన్నడు. మా దిక్కు తిరిగిండు, బుగ్గల మీద నీళ్లు ధారగ కారుతున్నయి, మొకమంతా నవ్వు. "ఇన్నరా? ఇన్నరా మీరందరు?" అని గల్లీ అంతటినీ అడిగిండు. "ఏం ఇనపడలె!"